కొత్త లిస్టులోకి వెళ్ళిన పేరు

నా చిన్నప్పుడు అని నేనెప్పుడైనా మొదలుపెడితే మా ఆఫీసులో వాళ్ళు నవ్వుతారు. ముప్పై కూడా నిండలేదు, నీకు చిన్నప్పుడేంటి, నిన్నమొన్నటి సంగతేగా అంటారు. కానీ నా చిన్నప్పుడు ఉన్న ఒక నియోజకవర్గం ఇప్పుడు లేదు. మొన్న మెట్రోలో నిలబడి ఫోన్లో మా అమ్మమ్మగారి ఊరి పేరు కొట్టి చూస్తే 'మాజీ శాసనసభ నియోజకవర్గం' అని ఒక ముక్క, దాని కింద గెలిచినవాళ్ళ పట్టిక వచ్చాయి. అంతకు మించి ఏమీ లేదు. అది పోయిందని అందులో రాశారు గానీ, పోతూ పోతూ మా ఇంట్లోంచి ఏం పట్టుకుపోయిందో రాయలేదు. అది రాయాల్సింది నేనే. ఇన్నాళ్ళూ రాయలేదు.

తాడేపల్లిగూడెంలో రైలు దిగి, కొల్లేరు వైపు వెళ్ళే బస్సెక్కితే మా అమ్మమ్మగారి ఊరు గంట ప్రయాణం. ఒక పక్క వరిచేలు, ఇంకో పక్క చేపల చెరువులు. పెద్ద ఊరేమీ కాదు. కానీ ఎప్పుడో మొదట్లో గీతలు గీసినవాళ్ళు ఆ ఊరి పేరే నియోజకవర్గానికి పెట్టారు. దాంతో ఆ ఊరికి ఒక దర్జా వచ్చింది. వంతెన పక్కన అద్దె ఇంట్లో ఎమ్మెల్యేగారి ఆఫీసు ఉండేది. గెలిచింది ఎవరైనా ఊరేగింపు ఆ వంతెన దగ్గరే మొదలవ్వాలి. మురుగు కాలవ పొంగి చేలు మునిగినా, కొల్లేటి నీళ్ళు వెనక్కి తన్ని ఇళ్ళలోకి వచ్చినా, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అర్జీలు పట్టుకుని ఆ వంతెన దగ్గరికే వచ్చేవారు. వచ్చినవాళ్ళకి టీ, కూర్చోవడానికి ఒక బల్ల ఉండేవి. పని అయ్యేదో లేదో గానీ, ఫలానా చోటికి వెళ్ళి అడగాలి అన్న సంగతి మాత్రం అందరికీ తెలుసు.

మా తాతయ్య ఆ ఊరి స్కూల్లో మాస్టారు. పాఠాలతో పాటు ఓటర్ల లిస్టు పని కూడా ఏళ్ళ తరబడి ఆయనదే. ఇంటింటికీ తిరిగి, కొత్తగా పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళని చేర్చి, కాపురానికి వచ్చిన కోడళ్ళని ఎక్కించి, పోయినవాళ్ళని కొట్టేసి, ఎమ్మార్వో ఆఫీసులో ఇచ్చి రావాలి. మిగతా మాస్టార్లు విసుక్కునే పని అది. తాతయ్య మాత్రం దాన్ని ఎంతో ఇష్టంగా చేసేవారు. పాత లిస్టులన్నీ ఒక రేకు పెట్టెలో దాచేవారు. అన్నిటికన్నా పాతది తీసి ఒకసారి నాకు చూపించారు. అందులో ఆడవాళ్ళకి పేర్లు లేవు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని ఉన్నాయి. బయటివాళ్ళకి సొంత పేరు చెప్పడం అప్పట్లో మర్యాద కాదనుకునేవారట. అలా రాసిన వరసలన్నిటినీ తర్వాత ఎవరో ఆఫీసరు ఎర్ర సిరాతో కొట్టేశాడు, పేరు లేకపోతే ఓటు లేదని. ఆ కొట్టేసిన వరసల్లో ఒకటి తాతయ్య వాళ్ళమ్మది. ఆవిడ ఆ ఎన్నికలో ఓటు వేయకుండానే ఇంటికి తిరిగొచ్చిందట. "అందుకే అమ్మాయ్, ఈ లిస్టులో పేరు తప్పు పడకూడదు. ఉన్నవాళ్ళు ఉండాలి, లేనివాళ్ళు ఉండకూడదు" అనేవారు. ఆయన లిస్టులో ఒక్క తప్పు కూడా దొరకదని ఏలూరు నుంచి వచ్చిన ఆఫీసర్లు కూడా అనేవారని అమ్మమ్మ గొప్పగా చెప్పేది.

ఆ ఏడాది నేను దసరా సెలవులకి వెళ్ళేసరికి, నియోజకవర్గం రద్దయిందని తేలిపోయింది. కొన్ని ఊళ్ళు తాడేపల్లిగూడెంలో కలిపారు, కొన్ని ఇంకో వైపు పోయాయి. వంతెన పక్క ఆఫీసు ఖాళీ అయి, గోడ మీద పెద్దక్షరాలతో ఉన్న ఊరి పేరు మీద అప్పటికే ఎవరో ఎరువుల ప్రకటన రాయించారు. టీకొట్టు దగ్గర తాతయ్యని చూసి ఒకాయన అన్నాడు, "ఏంటండీ మాస్టారూ అలా అయిపోయారు? ఊరెక్కడికీ వెళ్ళలేదు కదండీ, ఉన్నచోటే ఉంది." తాతయ్య టీ గ్లాసు కింద పెట్టి, "ఇకనుంచి అర్జీ పట్టుకుని ఎక్కడికెళ్ళాలో చెప్పండి మరి" అన్నారు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఎక్కడికెళ్ళాలో ఆయనకీ తెలీదు.

పాత నియోజకవర్గం లిస్టులోని పేర్లన్నీ సరిచూసి కొత్తదానికి ఎక్కించాలని తాతయ్యకి కాగితం వచ్చింది. రిటైర్మెంటుకి ఇంకో ఏడాదిన్నర ఉంది. ఆ పేరుతో ఉన్న ఆఖరి లిస్టు చంకలో పెట్టుకుని ఆయన బయల్దేరితే, నేనూ వెంటబడ్డాను. నాకప్పుడు పదేళ్ళు. హైదరాబాదులో ఇంగ్లీషు మీడియం చదువుతున్నా తెలుగు గడగడా చదవగలనని నాకు భలే పొగరు. కోపం కూడా అప్పట్నుంచే ఉంది. ఏ పనైనా ఆలస్యమైతే ఒళ్ళు మండిపోయేది.

తాతయ్య పని చూస్తే నిజంగానే ఒళ్ళు మండేది. లిస్టు చేతిలోనే ఉన్నా ఎవరింటి దగ్గరా పేర్లు చదివేవారు కాదు. అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, "ఏవండీ, భోజనానికి ఎంతమంది కూర్చుంటున్నారిప్పుడు?" అని అడిగేవారు. వాళ్ళు వేళ్ళు మడిచి లెక్కపెట్టేవారు. మా పెద్దాడు, కోడలు, నేను, చిన్నాడు. ఆ లెక్కలోకి ఎవరు రాలేదో తాతయ్య చూసుకుని, పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకునేవారు. చనిపోయినవాళ్ళ పేరు తీసేసే కాగితం మీద ఇంటివాళ్ళ సంతకం కోసం మర్నాడో ఎల్లుండో వేరే పని మీద వచ్చినట్టు ఒంటరిగా వచ్చేవారు. ఎవరి గడప ముందూ పోయినవాళ్ళ పేరు ఆయన నోట్లోంచి రాలేదు. నాకు గట్టిగా చెప్పారు, "పేర్లు నువ్వు చదవకూడదమ్మా. ఇంటి నంబరు చూసి పేజీ తియ్యి, చాలు." ఎందుకని అడిగితే, "పిలిచినట్టుంటుంది" అన్నారు. నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోతే అడగాలన్న ఓపిక నాకు లేదు.

మూడో రోజు మధ్యాహ్నానికి ఆ వీధిలో ఒక్క ఇల్లే మిగిలింది. చెరువుల దారిలో చివరి ఇల్లు. అక్కడుండే ఆవిడని అందరితో పాటు నేనూ చివరింటి అత్తయ్య అనేదాన్ని. తాతయ్యని దారిలో ఎవరో ఆపి, కొత్త నియోజకవర్గంలో మన పోలింగు బూతు ఎక్కడొస్తుందని అడుగుతున్నారు. ఆయన చెబుతూనే ఉన్నారు, చెబుతూనే ఉన్నారు. నాకు ఆకలేస్తోంది. ఈ ఒక్క ఇల్లూ నేనే పూర్తి చేసేస్తే తాతయ్య మెచ్చుకుంటారనిపించింది. లిస్టు తీసుకుని ముందుకి నడిచాను. గడప ముందు నిలబడి, స్కూల్లో టీచరు హాజరు పిలిచినట్టు గట్టిగా చదివాను. ఆవిడ పేరు, ఆవిడ భర్త పేరు. తర్వాత వాళ్ళబ్బాయి పేరు, వయసు పద్దెనిమిది. "ఉన్నారాండీ?" అని అడిగాను.

అత్తయ్య బియ్యం కడుగుతున్న చేతులతోనే బయటికొచ్చింది. అరుగు మీద ఆవిడ భర్త వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన చేతులు ఆగిపోయాయి. ఆవిడ నావంక చూసి, "ఉన్నాడమ్మా" అంది.

"ఎక్కడున్నాడు?" అన్నాను. ఎందుకడిగానో ఇప్పటికీ తెలీదు. లిస్టులో అలాంటి గడి ఏమీ లేదు.

"చెరువు మీదికెళ్ళాడు" అంది.

ఆ అబ్బాయి వేసవిలోనే పోయాడు. చేపల చెరువు దగ్గర నీళ్ళ మోటారు వేయబోయి కరెంటు కొట్టి, అక్కడికక్కడే. అంతకు కొద్ది నెలల ముందే తాతయ్య అతని పేరు లిస్టులో ఎక్కించారు. ఆ పేరు అచ్చులో రావడం అదే మొదటిసారి, ఓటు ఒక్కసారి కూడా వేయలేదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం నా వెనక తాతయ్య చెప్పుల చప్పుడు పరుగులా వినిపించింది. ఆయన వచ్చి నా చేతిలోంచి లిస్టు తీసుకున్నారు. 

"ఊరుకోవే" అన్నాడు ఆవిడ భర్త తలెత్తకుండా.

"మీరూరుకోండి. మాస్టారూ, ఉన్నాడని రాయండి. మిగతా ఊరంతా కొత్త లిస్టులోకి వెళ్తోంది కదండీ. మా వాడొక్కడూ పాతదాంట్లో ఉండిపోవాలా?" అంది ఆవిడ. ఏడవలేదు. ఏడ్చి ఉంటే తాతయ్యకి సులువుగా ఉండేదేమో.

తాతయ్య లిస్టు మడిచి చంకలో పెట్టుకున్నారు. పెన్సిలు జేబులో పెట్టేసుకున్నారు. "అలాగేనమ్మా" అన్నారు.

తిరిగొస్తుంటే నేనే గొడవ పెట్టుకున్నాను. చనిపోతే కొట్టెయ్యాలి కదా, మీరే చెప్పారు కదా, లేనివాళ్ళు ఉండకూడదని! తాతయ్య నడక ఆపలేదు. "పేరు పెట్టి పిలిచి, ఉన్నాడా అని అడిగాం కదమ్మా. ఆవిడ ఉన్నాడంది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని లేడనమంటావు?" అన్నారు. అడిగాం అన్నారు. అడిగావు అనలేదు. కొన్నాళ్ళు పోయాక వెళ్ళి, ఆవిడ మనసు కుదుటపడ్డాక సంతకం తీసుకుందామనుకున్నారట. రెండుసార్లు వెళ్ళి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, అడగలేక తిరిగొచ్చారని అమ్మమ్మ చెప్పింది. ఈలోపు కొత్త లిస్టు అచ్చయిపోయింది. అందులో ఆ పేరు ఉంది.

ఎండాకాలంలో ఎన్నికలొచ్చాయి. పరీక్షలు అయిపోయి నేను మళ్ళీ అక్కడే ఉన్నాను. కొత్త నియోజకవర్గం పేరుతో ఊళ్ళో మొదటి పోలింగు. స్కూలు గేటు బయట పందిరి కింద బల్ల వేసుకుని, వచ్చినవాళ్ళకి తాతయ్య వాళ్ళ వరస నంబరు చూసి చెబుతున్నారు. నేను మంచినీళ్ళ కుండ దగ్గర కూర్చున్నాను. ఇదివరకు లోపల కూర్చునే ఏజెంట్లు మా ఊరివాళ్ళే, పెద్దవాళ్ళు. గుమ్మంలో నీడ పడగానే వచ్చింది ఎవరో చెప్పేసేవారట. ఇప్పుడు నియోజకవర్గం మారాక మాకు తెలిసిన నాయకుడే లేడు. పార్టీలు పక్క బూతులనుంచి ఎవరెవరినో కూర్చోబెట్టాయి. వాళ్ళకి మా ఊరి మొహాలు తెలీవు.

ఎండ దిగాక చివరింటి అత్తయ్య వచ్చింది. ఓటు వేసి బయటికొచ్చింది. వేలి మీద సిరా ఇంకా ఆరలేదు. గేటు దగ్గర ఆగకుండా నేరుగా తాతయ్య బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఆవిడ మొహంలో ఏదో ఉంది. సంతోషమో భయమో నాకు తెలియలేదు.

"మాస్టారూ, మా వాడొచ్చాడంటండీ" అంది.

"ఎవరమ్మా?"

"మా అబ్బాయండీ. లోపల లిస్టు పట్టుకున్న కుర్రాడు చెప్పాడు. మీరే లేటండీ, మీ ఇంట్లో అందరివీ పడిపోయాయి, మీ అబ్బాయి పొద్దున్నే వచ్చి వేసెళ్ళిపోయాడు అన్నాడు." ఆవిడ బల్ల అంచు పట్టుకుంది. "మీరు పొద్దుట్నుంచీ ఇక్కడే కూర్చున్నారు కదండీ. చూశారా? ఎలా ఉన్నాడండీ?"

తాతయ్య గబగబా తన లిస్టులో ఆ పేజీ తీశారు.   నేను లేచి బూతు గుమ్మం దాకా పరిగెత్తి, ఆ ఏజెంటుని పట్టుకుని అరిచేశాను. చచ్చిపోయినవాళ్ళ ఓటు ఎలా వేయనిచ్చారు, కళ్ళు లేవా అని. ఆ కుర్రాడు బిత్తరపోయి, "నాకేం తెలుసు పాపా, లిస్టులో ఉంది కదా" అన్నాడు. పోలీసాయన నన్ను బయటికి తీసుకొచ్చాడు. లిస్టులో ఉంది కదా. 

అత్తయ్యని ఇంటిదాకా దింపడానికి తాతయ్య వెళ్ళారు. నేను వెనక నడిచాను. దారిలోనే ఆయన ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పారు. ఎవడో వచ్చి ఆ పేరు చెప్పి ఓటు వేసిపోయాడు, ఎవడో తెలియదు, తెలిసే దారి కూడా లేదు, ఆ పేరు కొట్టేయకుండా ఉంచిన తప్పు నాది అన్నారు. ఆవిడ నడుస్తూ విన్నది. తన ఇంటి గేటు దగ్గర ఆగింది.

"ఎవరికేశాడండీ?"

"అది ఎవరికీ తెలీదమ్మా."

"మా వాడు ఎవరికేసుండేవాడో నాకూ తెలీదు. ఎప్పుడూ అడగలేదు" అంది. తర్వాత, "మీరేం చేస్తారులెండి మాస్టారూ. ఆ రోజు ఉన్నాడన్నది నేనే. నేను కొడుకుని పిలిస్తే ఎవడో పలికాడు" అని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. పేరు తీసేయమని ఆవిడ సంతకం పెట్టిన కాగితం మర్నాడు ఆవిడ భర్త తెచ్చి, తాతయ్య చేతిలో పెట్టి, వెళ్ళిపోయాడు.

పోలింగు రోజు సాయంత్రమే స్కూల్లో మిషన్లకి సీలు వేస్తుంటే, తాతయ్య ప్రిసైడింగ్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పారు. ఆయన ఎక్కడినుంచో డ్యూటీకి వచ్చిన మనిషి, మంచాయనే. "ఏంటండీ మాస్టారూ, ఒక్క ఓటుకి ఇంత రాద్ధాంతమా? ఏజెంట్లెవరూ అభ్యంతరం పెట్టలేదు. నేను చూడలేదు, మీరూ చూడలేదు. ఏడాదిలో రిటైరవుతున్నారు. ఇంటికెళ్ళి పడుకోండి" అన్నాడు.

"ఆవిడ విన్నదండీ, కొడుకొచ్చాడని" అన్నారు తాతయ్య.

అలా అని, ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, మూడో తరగతి పిల్లల బల్ల మీద వంగి రాయడం మొదలుపెట్టారు. నేను పక్కనే కూర్చుని ఒక్కో అక్షరం చదివాను. తెలుగు గడగడా వచ్చు కదా నాకు. ఆఫీసు కాగితాల భాషలో రాశారు. మృతుని గడప వద్ద అతని పేరును నేనే బిగ్గరగా చదివితిని. తల్లి దుఃఖములో ఉన్నాడని చెప్పగా, సరిచూడక ఆ పేరును కొత్త జాబితాలో కొనసాగించితిని. బాధ్యత పూర్తిగా నాది.

నేనే చదివితిని, అని రాశారు.

అంతకుముందు అంతలా అరిచినదాన్ని, ఏజెంటు మీద, పోలీసు మీద అరిచినదాన్ని, ఆ వాక్యం దగ్గర నోరెత్తలేదు. తాతయ్యా అది మీరు కాదు కదా అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన సంతకం పెట్టేముందు ఒక్కసారి నావంక చూశారు. నేనేమైనా అంటానని ఎదురుచూశారో, అనొద్దని చూశారో తెలీదు. నేను బల్ల మీద పిల్లలు చెక్కిన గీతలు చూస్తూ కూర్చున్నాను. ఆయన సంతకం పెట్టి కాగితం ఇచ్చేశారు.

మెమో వచ్చింది. విచారణకి ఏలూరు రెండుసార్లు పిలిచారు. ఆఖరి ఏడాదికి ఆయన్ని కొల్లేటి అంచున ఒక చిన్న ఊరి స్కూలుకి మార్చారు. సైకిలు మీద వెళ్ళి, వానాకాలంలో పడవెక్కి వెళ్ళేవారు. రిటైరైన రోజున దండా లేదు, సభా లేదు, పడవ దిగి మామూలుగా ఇంటికొచ్చారని అమ్మమ్మ చెప్పింది. లిస్టు పని ఇంకో మాస్టారికి ఇచ్చారు. ఆయన గడప ముందు నిలబడి పేర్లు టకటకా చదివేసి, ఒక్క పూటలో రెండు వీధులు పూర్తి చేసేసేవాడట. ఊళ్ళో వాళ్ళు తాతయ్యని గౌరవంగానే చూశారు గానీ, ఆయన మాత్రం టీకొట్టు దగ్గరికి వెళ్ళడం మానేశారు. చివరింటి వైపు నడవడమూ మానేశారు. రేకు పెట్టె ఇక తెరవలేదు. నేను ఇంటర్లో ఉండగా ఆయన పోయారు. ఆ కాగితం గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ పోలింగు నాడు ఆయన నాకేదో నేర్పాలనుకున్నారని నేననుకోను. ఆయన నేర్పాలనుకున్నది దసరాలోనే చెప్పారు, పేర్లు చదవకూడదని. నేను వినలేదు. కానీ జీవితమంతా ఒక్క పేరు తప్పు రాయని మనిషి రెండుసార్లు తప్పు రాశారు. ఒకటి ఆ తల్లి కోసం, ఒకటి నాకోసం. ఆవిడ కోసం రాసినదాన్ని ఆవిడే సరిచేసింది, సంతకం పెట్టి పంపించింది. నాకోసం రాసింది అలాగే ఏదో ఆఫీసు బీరువాలో ఉండిపోయింది.

నా కోపం తగ్గలేదు. ఇప్పటికీ చిన్నదానికీ పెద్దదానికీ విరుచుకుపడతాను. కాకపోతే అరిచేముందు, ఇందులో నా వంతు ఎంత అని ఒక్కసారి వెతుక్కుంటాను. దొరికితే అది ముందు చెప్పేస్తాను. అలా చెప్పినందుకు ఒక ఉద్యోగం పోయింది, ఒకరిద్దరు స్నేహితులు దూరమయ్యారు. పోతే పోయారు. చెప్పాల్సిన చోట ఒక్కసారి చెప్పకపోతే ఎన్నేళ్ళు మొయ్యాలో నాకు తెలుసు.

ఆ నియోజకవర్గం ఇప్పుడు లేదు, ఆ లిస్టులు లేవు, నా మాట తీసుకుని కాగితం దిద్దే ఆఫీసరెవరూ లేరు. అయినా ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలని రాస్తున్నాను. ఆ రోజు ఆ గడప ముందు ఆ పేరు చదివింది మా తాతయ్య కాదండీ. నేను.